లోడు తెలిస్తేనే బండి తెలుస్తుంది

పాలకొండలను పాపాఘ్ని చీల్చుకొచ్చిన చోట గండి వీరాంజనేయస్వామి గుడి ఉంది. ఎర్రమల కొండలను పెన్న చీల్చిన చోట గండికోట ఉంది. ఈ రెండు గండ్ల నడుమ వేంపల్లె, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దారుల్లో సరుకు కదలని రోజు ఉండదు. పులివెందుల, లింగాల వైపు అరటి, చీనీ. జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగ. ఎర్రగుంట్ల, మైలవరం వైపు నాపరాయి, సిమెంటు. ప్రొద్దుటూరు చేరేసరికి పత్తి, బట్టలు, కిరాణా. ఇంత సరుకున్న చోట సొంతంగా ఒక చిన్న బండి ఉంటే బాగుంటుందని ప్రతి రైతుకూ, ప్రతి చిన్న వ్యాపారికీ అనిపిస్తుంది. కొత్తదానికి డబ్బు చాలదు కాబట్టి చూపు సెకండ్ హ్యాండ్ మీద పడుతుంది. అక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. బండి చెడ్డదై దెబ్బ తినేవాళ్లకంటే, తమ పనికి సరిపోని బండి కొని దెబ్బ తినేవాళ్లే ఎక్కువ. కాగితాలు చూసుకోక మునిగేవాళ్లు ఇంకా ఎక్కువ. అందుకే ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఏం మోస్తాం, ఎంత దూరం మోస్తాం, ఏడాదిలో ఎన్ని రోజులు మోస్తాం అన్న చోట మొదలుపెడతాను.

నాపరాయినే తీసుకుందాం. అంగుళం మందం ఉన్న బండ ఒక చదరపు అడుగుకు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. అంటే వంద చదరపు అడుగుల బండలు ఆరు వందల కిలోలు దాటతాయి. తొట్టిలో నిలబెట్టి పేరిస్తే అవి ఒక మూలకు వస్తాయి. మిగతా తొట్టి ఖాళీగా కనిపిస్తుంది. "ఇంకో యాభై అడుగులు వెయ్యన్నా, జాగా ఉంది కదా" అని కొనుక్కున్నాయన అంటాడు. జాగా ఉంది, మోసే సత్తువ అయిపోయింది. ఏడు వందల యాభై కిలోల బండికి ఆ యాభై అడుగులతోనే మోత మించిపోతుంది. పత్తి, వేరుశనగ కట్టె సంగతి దీనికి తలకిందులు: తొట్టి నిండి పైకి పొంగినా బరువు లెక్కలోపే ఉంటుంది. సిమెంటు ఇరవై బస్తాలైతే ఒక టన్ను. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు, దాని బరువు కాక, ఒక టన్ను. బండి చూడటానికి పోయే ముందు ఇలా తన సరుకును కిలోల్లోకి మార్చుకున్నవాడు సగం మోసాల నుంచి బయటపడినట్టే. మోత మించితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకూ మరో 2,000. జరిమానా పడకపోయినా కమాన్ కట్టలు, వెనక హౌసింగు, టైర్లు తమ వంతు వసూలు చేస్తాయి.

ముప్పావు టన్ను లోపు పనికి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన పేరు టాటా ఏస్. 2005లో వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, పదహారు గుర్రాల శక్తి. అంత చిన్న ఇంజనుతో ఊళ్ల మధ్య సరుకు రవాణా రూపమే మార్చేసింది. పాత ఏస్‌లో కంప్యూటరు పని తక్కువ, విప్పి బిగించడం ఏ ఊరి మెకానిక్‌కైనా వచ్చు. దాని బలం అదే. బలహీనత ఎక్కుడు దారిలో తెలుస్తుంది. ప్రొద్దుటూరు వీధుల్లో కిరాణా సరుకు దింపడానికి ఏస్ చాలు. రోజూ నిండు లోడుతో ముద్దనూరు ఘాట్ ఎక్కాలంటే మాత్రం ఇంజను ఆయుష్షు తరిగిపోతుంది. అలాంటి దారుల్లో చాకిరీ చేసిన పాత ఏస్ చౌకగా వస్తోందంటే ఆ చౌకతనం రీబోరు ఖర్చుగా తిరిగి వస్తుంది.

టన్ను పైన మోయాలంటే మహీంద్రా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్. దోస్త్ 2011లో టన్నుంబావు మోతతో, మూడు సిలిండర్ల ఇంజనుతో వచ్చింది. బొలెరోలో టన్నుంబావు నుంచి రెండు టన్నుల దాకా రకాలున్నాయి. తోటలోంచి అరటి గెలలు, చీనీకాయలు రోడ్డు మీదికో, యార్డుకో చేర్చే రైతుకు నేను బొలెరోనే చెబుతాను. మట్టి దారిలో, కాలువ గట్టు మీద, పొలం గనిమల మీద దాని ఎత్తూ గట్టితనమూ అక్కరకొస్తాయి. పైగా ఈ ఊళ్లలో ఏ మెకానిక్ దగ్గరికి పోయినా దాని లోపలి సంగతి తెలుసు, సామాన్లు దొరుకుతాయి. దోస్త్ తారు రోడ్డు మీద దూరం పోయేవాళ్లకు నప్పుతుంది. పులివెందుల నుంచి కడపకో, ప్రొద్దుటూరు నుంచి కర్నూలుకో రోజూ తిరిగే బాడుగకు అది మంచి బండి. బొలెరోకున్న గిరాకీ దానికి లేదు కాబట్టి అదే వయసు బండి తక్కువకు రావచ్చు. అమ్మేటప్పుడూ తక్కువకే పోతుందని మరిచిపోకూడదు.

ఇసుజు డి-మ్యాక్స్ మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతోంది. 2016లో ఆ ఫ్యాక్టరీ మొదలైంది. బండి గట్టిది, నడపడం సుఖం. కానీ సామాన్ల ధర, తెలిసిన మెకానిక్ దొరకడం చూసుకుంటే చిన్న రైతుకు సెకండ్ హ్యాండ్‌లో దాన్ని చెప్పలేను. ఇప్పుడు వచ్చే మారుతి సూపర్ క్యారీ పెట్రోలు బండి. నున్నగా పోతుంది, పొగా శబ్దమూ తక్కువ. పాలకు, కూరగాయలకు, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో బట్టల మూటలకు బాగుంటుంది, నాపరాయికి కాదు. సీఎన్‌జీ రకమైతే బంకు దారిలో ఉంటేనే లాభం. ఆప్పే లాంటి మూడు చక్రాల లగేజీ ఆటో ఊరి లోపల అర టన్ను పనికి చాలు, ఊరు దాటించొద్దు.

మన రాష్ట్రానికే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి ప్రభుత్వం 9,260 బండ్లు రోడ్డెక్కించింది. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్‌లు. నిరుద్యోగ యువతకు సబ్సిడీ మీద, బ్యాంకు అప్పు కలిపి ఇచ్చారు. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ చౌక దుకాణాలకే పోయింది. బండ్లను నడిపినవాళ్లకే వదిలేస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ బండ్లు చేతులు మారే కాలం ఇది. వాటిని కాదనక్కర్లేదు: ఊళ్లలోనే తిరిగాయి కాబట్టి తిరిగిన కిలోమీటర్లు తక్కువ. కానీ వీధికొక చోట ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి నడిపిన బండ్లు కావడంతో క్లచ్చూ, స్టార్టరూ, బ్యాటరీ అరిగి ఉంటాయి. మూసిన బాడీ విప్పి తొట్టి కట్టించుకుంటే ఆ మార్పు ఆర్సీలో ఎక్కాలి. అన్నిటికన్నా ముందు, ఆర్సీ మీద బ్యాంకు పేరు, ప్రభుత్వ కార్పొరేషన్ పేరు తొలగిందో లేదో చూడాలి. తొలగకుండా కేవలం స్టాంపు కాగితం మీద కొంటే బండి వాకిట్లో ఉంటుంది కానీ మీది కాదు.

లాగించే పద్ధతి సంగతికొస్తాను. అమెరికాలో ఉన్న మనవాళ్లు కారు వెనక ట్రెయిలర్ తగిలించుకుని ఇల్లు మారతారు. ఇక్కడ ఆ పని చేసేది ట్రాక్టరు. పొలం ఉన్న ఇంట్లో ట్రాక్టరు ఇప్పటికే ఉంటే, ఇంకో ఇంజను కొనడం కన్నా పాత ట్రాలీ ఒకటి కొనడం ఎంతో చౌక. రెండు మూడు టన్నులు సులభంగా లాగుతుంది, బురదలోంచి కూడా. పది, పదిహేను కిలోమీటర్ల లోపు పనికి, అంటే తోట నుంచి రోడ్డుకు, కళ్లం నుంచి గోదాముకు, దాన్ని మించిన పద్ధతి లేదు. దూరం పెరిగిందా, లెక్క తప్పుతుంది. నెమ్మదిగా పోతుంది, డీజిల్ తాగుతుంది, రోజంతా ఒక మనిషిని కట్టేస్తుంది. జాతీయ రహదారి మీద రాత్రిపూట వెనక లైటు లేని ట్రాలీని గుద్దుకుని పోయిన ప్రాణాలు ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లకు తెలుసు. ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీకి అయ్యే ఖర్చు ఎంతో కాదు. పాత ట్రాలీ కొనేటప్పుడు చూడాల్సింది పెయింటు కాదు. హుక్కు కన్ను ఎంత అరిగింది, ఇరుసు వంగిందా, లాగుడు కమ్మీకి వెల్డింగు ఎన్నిసార్లు పడింది అన్నవే చూడాలి. హుక్కు కన్ను కోడిగుడ్డు ఆకారానికి సాగి ఉంటే ఆ ట్రాలీ వద్దు.

ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్సు పాలసీలో దాని నంబరు కూడా ఉండాలి. వ్యవసాయానికని రాయించుకున్న ట్రాక్టరుతో బాడుగకు ఇసుక, బండలు తోలుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది ట్రాక్టరును దేనికి వాడారనే. నష్టపరిహారం చివరికి పొలం మీదికి వస్తుంది. ఈ ఒక్క కారణం చేతనే, బాడుగే బతుకుతెరువు అనుకునేవాళ్లు ట్రాక్టరు వదిలి పసుపు బోర్డు పికప్‌కు రావడం మంచిదంటాను.

సొంతానికి ఎప్పుడు, బాడుగకు ఎప్పుడు? సరుకు వాహనాలకు థర్డ్ పార్టీ ప్రీమియాన్ని మొత్తం బరువును బట్టి నిర్ణయిస్తారు. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు నాలుగు చక్రాల బండికి 16,049 రూపాయలు, పన్ను అదనం. ఏస్ అయినా, బొలెరో అయినా, ఆ లోపున్న టాటా 407 అయినా అంతే. మూడు చక్రాల సరుకు ఆటోకు మాత్రం 4,492. అంటే చిన్న బండి కొన్నాం కదా అని ఈ ఖర్చు తగ్గదు. దానికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు, డ్రైవరు జీతం కలుపుకోండి. చీనీ కోత ఏడాదికి కొన్ని వారాలే ఉండే రైతు బండి మిగతా నెలలు చెట్టు కింద నిలబడి డబ్బు తింటుంది. అలాంటివాళ్లు కోతల్లో బాడుగకు పిలుచుకోవడమే నయం. లేదా అన్నదమ్ములో, పక్క పొలాలవాళ్లో కలిసి ఒకరి పేరు మీద కొని, ఖర్చు రాసుకుని పంచుకోవాలి. వారంలో నాలుగైదు రోజులు సరుకున్నవాడికే సొంత బండి.

అప్పు లెక్క ఇంకో గుంత. సెకండ్ హ్యాండ్ బండి మీద ఫైనాన్సు వాళ్లు ఫ్లాట్ వడ్డీ చెబుతారు. మూడు లక్షల అప్పు, 12 శాతం ఫ్లాట్, మూడేళ్లు అనుకుందాం. వడ్డీ 1,08,000, నెల కంతు 11,333. నెల నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం మూడు లక్షల మీదే పడుతుంది కాబట్టి, బ్యాంకు లెక్కలో చూస్తే అది దాదాపు 21 శాతం. రెండు చోట్ల అడిగి పోల్చేటప్పుడు శాతం అడగొద్దు, మొత్తం ఎంత కట్టాలో అడగండి. మూడు కంతులు తప్పితే బండిని సీజ్ చేసి తీసుకుపోతారు. సీజ్ చేసిన బండ్లే మళ్లీ చౌకగా మార్కెట్‌లోకి వస్తాయి. అలాంటి బండి కొంటే దానిమీద జప్తు, కోర్టు తగాదా లేవని రాతపూర్వకంగా తీసుకోవాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అదే ఏడు జూన్‌లో టాటా ఏస్ ప్రో 3.99 లక్షల షోరూమ్ ధరతో, 750 కిలోల మోతతో వచ్చింది. కాబట్టి రెండు మూడేళ్ల వాడకమున్న చిన్న బండికి పాత లెక్కలో ధర చెబితే ఒప్పుకోవద్దు. ముప్పావు టన్ను తరగతిలో ఇవాళ కొత్తదాని ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే పాతదానికి బేరం చేయాలి. టన్ను పైన బండ్లలో మాత్రం కొత్తకూ పాతకూ తేడా ఇంకా పెద్దదే. సెకండ్ హ్యాండ్‌కు అసలు అర్థం ఉన్నది అక్కడే.

బండి చూడటానికి పొద్దున్నే పోవాలి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. మనం పోయేసరికే బానెట్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. ఇంకో రోజు పోండి. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఇంజను వేడెక్కాక కూడా తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి చూస్తే గాలి బుస్సుమని కొడుతుందా అన్నది ఇంజను ఎంత అరిగిందో చెబుతుంది. తర్వాత కిందికి వంగి కమాన్ కట్టలు చూడాలి. అదనపు పట్టీ వేసి ఉంటే ఆ బండి ఓవర్‌లోడు మోసిందని అదే సాక్ష్యం. చాసీస్ మీద కొత్త రంగు ఒక్కచోటే కనిపిస్తే అక్కడ గోకి చూడండి, వెల్డింగు దొరుకుతుంది. చాసీస్ నంబరు గుద్దిన చోట తుప్పు గీకి, ఆర్సీలో ఉన్న నంబరుతో ఒక్కో అంకె సరిచూసుకోవాలి. మీటరు రీడింగును నమ్మొద్దు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల, డ్రైవరు సీటు కుంగుడు అబద్ధం చెప్పవు. నడిపి చూడటం ఖాళీ బండితో కాదు. అర లోడైనా వేసి ఒక ఎక్కుడు ఎక్కించి, దిగుడులో బ్రేకు పరీక్షించాలి.

2021 నవంబరులో చెయ్యేరు, పాపాఘ్ని వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద మనకు గుర్తున్నవే. మునిగిన బండ్లు కడిగి, రంగు కొట్టి వేరే జిల్లాల్లో అమ్ముతారు. సీటు బోల్టుల తుప్పు, డ్యాష్‌బోర్డు వెనక వైర్ల మీద సన్నటి ఒండ్రు, సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద మరక అసలు కథ చెబుతాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండ్లలో సెన్సర్లు ఎక్కువ. నీళ్లు తాగిన వైరింగుతో అలాంటి బండి కొంటే మెకానిక్ చుట్టూ తిరగడమే పని అవుతుంది.

నంబరు ప్లేటు కూడా ఒక సంగతి చెబుతుంది. ఏపీ 04 అంటే మన కడప జిల్లా బండి, 2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 రాకముందు రిజిస్టరైనది. ఏపీ 39 అయితే ఏ జిల్లాదో ప్లేటు చెప్పదు, ఆర్సీ చూడాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, పన్ను, ఫైనాన్సు పేరు, చలానాలు చూసుకోవచ్చు. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా. ఎనిమిదో ఏడు దాటిన బండి ధర పడిపోవడానికి ఇదొక కారణం. అందుకే అయిదు నుంచి ఏడేళ్ల మధ్య బొలెరో నా లెక్కలో మంచి బేరం. పదిహేనేళ్లు నిండితే బండి తుక్కుకే పోతుందని చెప్పి తక్కువకు లాక్కునేవాళ్లున్నారు. మన దగ్గర ప్రైవేటు వ్యక్తుల బండ్లకు అలాంటి గంపగుత్త నిషేధం లేదు, ఎఫ్‌సీ పాసైతే తిరుగుతాయి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లకు తప్పనిసరిగా పక్కన పెట్టేది ప్రభుత్వ వాహనాలనే. ఆర్సీలో మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. బొలెరోలో పెద్ద రకం కొనేవాళ్లు ఈ గడి చూసుకోవాలి. కారుకున్న ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో ఖాయం చేసింది. వేరే లైసెన్సు కావాలని చెప్పి డబ్బు అడిగే బ్రోకరును నమ్మక్కర్లేదు.

"పేపర్లన్నీ క్లియరన్నా, ఒక్క ఎన్‌వోసీనే రావాల" అన్న మాట వినిపిస్తే, ఆ ఒక్కటీ వచ్చేదాకా డబ్బు ఇవ్వొద్దు. ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, అమ్మినవాడి సంతకాలతో ఫారం 29, ఫారం 30, కర్ణాటకదో తమిళనాడుదో అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28. మన రాష్ట్రం బండే అయితే అమ్మినాయన పద్నాలుగు రోజుల్లో, కొన్నాయన ముప్పై రోజుల్లో పేరు మార్పు కోసం ఆర్టీవోకు తెలపాలి. అమ్మేసిన బండితో ప్రమాదం జరిగితే, ఆర్సీలో పేరున్నవాడే పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 2018లో నవీన్‌కుమార్ కేసులో చెప్పింది. అందువల్ల పాత బండి అమ్ముకునే రైతుకు కూడా ఇది ప్రాణసంకటమే. తాళాలిచ్చిన రోజు, గంట రాసుకుని, కొన్నాయన ఆధార్ నకలు మీద సంతకం చేయించుకుని పెట్టుకోవాలి.

శ్రావణ మాసం శనివారాల్లో గండి గుడికి జనం పోటెత్తుతారు. ఊళ్లోంచి ఇరవై మంది ఒక బొలెరో తొట్టిలోనో, ట్రాక్టరు ట్రాలీలోనో ఎక్కి బయలుదేరడం మామూలే. పెళ్లిళ్లకూ అంతే. సరుకు బండి ఇన్సూరెన్సు తొట్టిలో కూర్చున్న మనుషులకు వర్తించదు. సరుకు యజమాని గానీ, అతని తరపు మనిషి గానీ తన సరుకుతో పాటు ప్రయాణిస్తేనే రక్షణ ఉంటుంది. ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి అనే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక బండి బోల్తా పడితే ఇరవై ఇళ్లకు కంపెనీ నుంచి పైసా రాదు, బండి యజమాని ఆస్తి పోతుంది. బండి కొన్నవాళ్లను బంధువులు అడుగుతారు, కాదనడం కష్టం. అడిగినప్పుడు ఆర్టీసీ బస్సో, టాటా మ్యాజిక్కో, టెంపో ట్రావెలరో బాడుగకు మాట్లాడిపెట్టండి, అవసరమైతే ఆ బాడుగలో సగం మీరే భరించండి.